సుక్రోజ్‌లో రైబోజోములు ఆగవు, మనమే ఆపాలి

ఈ.కోలి బ్యాక్టీరియా రైబోజోము (కణంలో ప్రోటీన్లు తయారుచేసే యంత్రం) ఉపభాగాలను విడదీయడం కోసం 5–20 శాతం సుక్రోజ్ గ్రేడియంట్‌ను, అంటే పైనుంచి కిందికి చిక్కబడే చక్కెర ద్రావణాన్ని, మహబూబ్‌నగర్‌లోనే పోసి, బస్సులో హైదరాబాద్ తీసుకెళ్లి, నిమిషానికి 39,000 చుట్లతో రాత్రంతా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పానన్నారు మీరు. ఉపభాగాలు విడివిడి పట్టీలుగా రాలేదు, అంతా అడుగున ముద్ద, ఎందుకని అడిగారు.

చిక్కు సమయంలో ఉంది. సీజియం క్లోరైడ్ అనే బరువైన ఉప్పు ద్రావణంలో తిప్పితే డీఎన్‌ఏ తన సాంద్రత, అంటే మిల్లీలీటరుకు సుమారు 1.7 గ్రాములు, ఉన్న చోటికి చేరి నిలబడుతుంది. తర్వాత ఎంతసేపు తిప్పినా కదలదు. డీఎన్‌ఏ ఎలా నకలవుతుందో చూపిన 1958 నాటి మెసెల్సన్, స్టాల్ ప్రయోగానికి ఆధారం ఇదే. సుక్రోజ్‌లో అలాంటి చోటు లేదు: 20 శాతం ద్రావణం సాంద్రత 1.08, రైబోజోముది దాదాపు 1.6. పెద్ద ఉపభాగం 50ఎస్ ముందు, చిన్నది 30ఎస్ వెనుక దిగుతూనే ఉంటాయి. దారిలో ఉండగానే ఆపాలి. స్వింగింగ్ బకెట్ రోటర్‌లో (తిరిగేటప్పుడు గొట్టాలు అడ్డంగా లేచేది) అదే వేగానికి మూడు నాలుగు గంటలతో మొదలుపెట్టండి. చివర్లో బ్రేకు వద్దు.

గ్రేడియంట్‌కు బస్సు ప్రయాణం దేనికండీ? కుదుపులకు పొరలు కలిసిపోతాయి. ద్రావణాలు విడిగా, శాంపిల్ మంచులో తీసుకెళ్లి అక్కడే పోసుకోండి. పాలమూరు ఎండకు వెచ్చబడిన సుక్రోజ్ పలచబడుతుంది, కాబట్టి రోటర్‌తో సహా అన్నీ 4 డిగ్రీలకు చల్లబడ్డాకే తిప్పండి.

ద్రావణాల్లో మెగ్నీషియం 1 మిల్లీమోలార్ చాలు. 10 ఉంచితే రెండు ఉపభాగాలూ 70ఎస్‌గా, అంటే పూర్తి రైబోజోముగా, అతుక్కునే ఉంటాయి.