బల్బు బొమ్మకు నాలుగు వారాలు

ప్రశ్న: అక్కా, మాది ఆదోని. బెంగళూరులో ఆరేళ్లు యాప్‌ల డిజైన్ చేశాను. అమ్మకు ఒంట్లో బాగాలేక, ఇంటికి దగ్గర్లో ఉండాలని కర్నూలు వచ్చి, ప్రభుత్వ ఆరోగ్య సేవలను జనానికి వీలుగా మార్చే ఒక ప్రాజెక్టులో చేరాను. నా కింద నలుగురు. ఓపీ రద్దీ, గర్భిణుల చెకప్‌లు, షుగర్, బీపీ మందులు, ఇవీ మాకు అప్పగించిన పనులు. మూడు నెలలైంది. ఊళ్లలో టీకాలు వేసే, గర్భిణులను చూసుకునే నర్సులు, అదే ఏఎన్‌ఎంలు, మమ్మల్ని ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లలా చూస్తున్నారు. డాక్టర్లకు మాట్లాడే తీరికే లేదు. పైఅధికారులు కనిపించినప్పుడల్లా "యాప్ ఎప్పుడిస్తారు?" అంటారు. టీమ్‌లో ఇద్దరు మానేస్తామంటున్నారు. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు. తప్పు ఎక్కడ జరుగుతోంది?
– ఓ పాఠకురాలు, కర్నూలు

జవాబు: నీకు మూడు నెలలు పట్టిందా తల్లీ? నాకైతే మూడో రోజే నిద్ర పోయింది.

నేను డిజైన్ చదివినదాన్ని కాదు. ఇరవై ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సుగా చేశాక, నీలాంటి టీమే ఒకటి నా నెత్తిన పడింది. 'మనిషి కేంద్రంగా డిజైన్' అనే మాట అప్పుడే విన్నాను. నవ్వొచ్చింది. ఆసుపత్రిలో మనిషి కాక కేంద్రంగా ఇంకేముంటుంది అనుకున్నా. ఉంటుంది. రిజిస్టరు ఉంటుంది.

మందుల కిటికీ దగ్గర జరిగిన సంగతి చెప్తాను, విను. ఒక అవ్వ బీపీ మాత్రను 'ఎర్ర అట్టది' అని, షుగర్ మాత్రను 'పెద్దది' అని గుర్తు పెట్టుకుంది. ఒక నెల వేరే కంపెనీ సరుకొచ్చింది. అట్ట రంగు మారింది. "ఇది నాది కాదు" అనుకుని గూట్లో పెట్టేసి, నెలంతా బీపీ మాత్ర లేకుండానే గడిపింది. మందుల కవరు మీద చీటీ రాశారు కదా అంటావేమో. ఆమెకు చదువు రాదు.

సరే, బొమ్మలు వేద్దామన్నాం. పొద్దునకు సూర్యుడు, రాత్రికి నెలవంక. టీమ్‌లో ఒక అబ్బాయి ముచ్చటగా గీశాడు. కవర్లు పట్టుకుని ఓపీ బయట వేపచెట్టు కింద కూర్చుని, వచ్చినవాళ్లందరికీ చూపించాం. ఒక ముస్లిం ముసలమ్మ నెలవంక చూసి, "రంజాన్ నెలలో వేసుకునేవా?" అంది. ఎంత సిగ్గేసిందో! ఈ ఊళ్లో పుట్టి పెరిగినదాన్ని, నాకు తట్టలేదు. నెలవంక తీసి మంచం బొమ్మ పెట్టాం. "మంచం మీద మధ్యాహ్నం కూడా పడుకుంటాం గదమ్మా" అన్నాడొక పెద్దాయన. కర్నూలు ఎండలకు అదీ నిజమే. చివరికి వెలుగుతున్న కరెంటు బల్బు వేశాం. దానికి ఎవరూ వంక పెట్టలేదు. ఆ ఒక్క బొమ్మకు నాలుగు వారాలు పట్టింది.

గెలిచామనుకున్నాం. అసలు కథ అప్పుడు మొదలైంది. కవరు మీద సూర్యుడు, మధ్యాహ్నానికి కంచం, బల్బు, మూడు గళ్లు. వేసుకోవాల్సిన వేళకు ఫార్మసిస్టు టిక్కు పెట్టాలి. మొదటి రోజు పదకొండింటికల్లా ఆయన టిక్కులు మానేశాడు. "మేడం, బయట క్యూ చూడండి. మనిషికి రెండు మూడు కవర్లు. ఒక్కోదానికి టిక్కులంటే మీరే వచ్చి కూర్చోండి" అన్నాడు. కోపమొచ్చినా వెళ్లి కూర్చున్నాను. అరగంటకే బొటనవేలు లాగేసింది. కిటికీ కడ్డీల్లోంచి ఒకేసారి పది చేతులు, పది చీటీలు. ఒక కవరు మీద టిక్కు పెట్టానో లేదో నాకే గుర్తులేదు.

సాయంత్రం ఆయన రెండు ఖాళీ సెలైన్ పెట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "పొద్దున ఒక్కటి వేసుకునేవి ఇందులో, పొద్దున రాత్రి రెండూ వేసుకునేవి ఇందులో. బొమ్మలు ముందే అచ్చేసి ఇవ్వండి. నా దగ్గరికొచ్చే షుగర్, బీపీ వాళ్లకు ఎక్కువ ఈ రెండే. మిగతావి చేత్తో రాస్తా" అన్నాడు. మా డిజైన్ మొత్తం పోయి, రెండు అట్టపెట్టెలు మిగిలాయి. బొమ్మలు గీసిన అబ్బాయి ముఖం మాడ్చుకున్నాడు. నేను బుజ్జగించలేదు. మర్నాడు ఆ కిటికీ దగ్గర కవర్లు అందించే పనిలో పెట్టాను. సాయంత్రానికి వాడే కత్తెర తీసుకుని, రాత్రి కవర్లన్నిటికీ ఒక మూల కత్తిరించాడు. చూడకుండా చేతికే తెలియాలని!

ఇప్పుడు నీ సంగతికొస్తే, రోగి ఎవరో మీకు తెలుసు. ఆ రోగికి మందో టీకానో అందించే మనిషి దగ్గర మీరు ఇంకా కూర్చోలేదు. మెడలో ట్యాగులు, చేతిలో ప్యాడ్లు, వచ్చీ రాగానే ఫొటోలు. ఇన్‌స్పెక్షన్ అనుకోక ఏఎన్‌ఎం ఇంకేమనుకుంటుంది? వారం పాటు ప్రశ్నలడగడం మానేసి ఆమె వెంట తిరగండి. సంచి మోయండి. ఒకే గర్భిణి పేరు ఎన్ని రిజిస్టర్లలో, ఎన్ని యాప్‌లలో రాస్తోందో మీరే లెక్కపెట్టండి. మీరు కొత్తగా ఒకటి పెట్టాలంటే పాతది ఒకటి తీయించే బాధ్యత నీది. టీమ్ లీడర్‌గా నువ్వు పోట్లాడాల్సింది దానికోసమే.

గర్భిణుల చెకప్‌ల గురించి ఆదోని పిల్లకు నేను చెప్పాలా? కోసిగి, మంత్రాలయం వైపు నుంచి సుగ్గికని, అంటే వలస పనులకని, సంసారాలు మూటగట్టుకుని గుంటూరు మిరప కోతలకు పోతాయి. అందులో కడుపుతో ఉన్నవాళ్లూ ఉంటారు. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు ప్రత్యేక చెకప్ ఉంది. ఆ తేదీన ఆమె మిరప చేలో ఉంటే, ఇక్కడి లెక్కలో చెకప్‌కు రాని మనిషి. ఆమె ఫోనుకు ఎన్ని మెసేజ్‌లు పంపితే ఏం లాభం? లారీ ఏ రోజు కదులుతుందో మేస్త్రీకి తెలుసు, ఆశా కార్యకర్తకూ తెలుసు. ఐరన్ మాత్ర రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి కదా. పోయేలోగా చెకప్ చేయించి, తిరిగొచ్చేదాకా సరిపడా మాత్రలు, తల్లీబిడ్డల కార్డు ఆమె మూటలో పెట్టించగలిగితే మీ ప్రాజెక్టు పాసైనట్టే. ఇందులో యాప్ ఎక్కడా లేదు చూశావా?

ఓపీ దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే టోకెన్ వస్తుంది, మంచిదే. కానీ 14 అంకెల ఆభా నంబరు (ఆరోగ్య ఖాతా నంబరు) లేనివాళ్లకు ముందు అది చేయించాలి. ఆధార్‌కు కొడుకు నంబరు ఇచ్చి ఉంటే, తల్లి ఇక్కడ క్యూలో నిలబడుతుంది, ఓటీపీ బెంగళూరులో మోగుతుంది. గద్వాల, రాయచూరు వైపు నుంచి కూడా కర్నూలు పెద్దాసుపత్రికి వస్తారు. తెలుగు బోర్డులు రాయచూరు వాళ్లకేం పనికొస్తాయి? నేలమీద రంగు గీత వేస్తే ఏ భాషైనా దాన్ని పట్టుకుని నడిచిపోతుంది.

అధికారులకు పీపీటీలు చూపించకు. ఒక్క సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు ఓపీ చీటీ కిటికీ దగ్గర అరగంట నిలబడమని అడుగు. పదిమందిలో ఇద్దరు వస్తారు, ఆ ఇద్దరు చాలు. ఒప్పుకున్నది ప్రతిదీ ఫైల్లో రాయించు, మనిషి పేరుతో కాదు, పోస్టు పేరుతో. మాకు మాటిచ్చిన ఆఫీసరు ఎనిమిదో నెలలో బదిలీ అయ్యాడు. కొత్తగా వచ్చినాయన "మీరెవరు?" అన్నాడు. మా దగ్గర కాగితం ముక్క లేదు.

మానేస్తామన్న ఇద్దరినీ పట్టి ఉంచకు. ముందు మాత్రం ఒక్కసారి విడివిడిగా కూర్చోబెట్టి టీ తాగించి, ఏం చూశారో అడుగు. రోజూ జబ్బు మనుషుల మధ్య తిరిగేవాళ్లు ఏదో ఒకటి మింగుకుని ఉంటారు. మా టీమ్‌లో ఒకమ్మాయి కాన్పుల వార్డులో ఒక రోజంతా నోట్సు రాసి, తర్వాత వారం రాలేదు. తనకు ఉద్యోగం మీద విసుగేమో అనుకున్నా నేను. కాదని చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పటి నుంచి వార్డుకు ఎవరినీ ఒంటరిగా పంపలేదు.

ప్రశ్న: నేను అనంతపురం జిల్లాలో ఏఎన్‌ఎంని మేడం. ఏడాదికి రెండు మూడు టీములు వచ్చి "మీ కష్టాలేంటి?" అని గంటలు గంటలు అడిగిపోతాయి. మళ్లీ కనిపించవు. ఏం చెప్పి పంపాలి?

జవాబు: బుధవారం, శనివారం వచ్చారంటే, అవి టీకాల రోజులని కూడా తెలుసుకోకుండా వచ్చారన్నమాట. నవ్వుతూ వెనక్కి పంపండి. వేరే రోజు వస్తే మీరే రెండు అడగండి. పోయినసారి వచ్చినవాళ్లు రాసింది చదివారా? మీవల్ల నాకు తగ్గే పని ఏది? నీళ్లు నమిలితే, పేరూ ఫోన్ నంబరూ మీ రిజిస్టరులోనే రాయించుకోండి. టీ ఖర్చు మాత్రం వాళ్లదే.