ఎంట్విసిల్ ఇంటిపేరు 1837 దగ్గర ఆగిపోతోందా

మీ ఎంట్విసిల్ (Entwistle) వంశం 1837కి ముందు దొరకట్లేదంటే కారణం ఒకటే, ఇంగ్లండ్‌లో ప్రభుత్వ జనన నమోదు మొదలైందే ఆ ఏడాది జూలైలో. అంతకుముందు చర్చి రిజిస్టర్లే గతి.

1. పేరు పుట్టింది లాంకషైర్‌లో, బోల్టన్‌కి ఉత్తరాన ఉన్న ఎంట్విసిల్ పల్లెలో. 1881 జనగణనలోనూ ఎక్కువమంది ఆ చుట్టుపక్కలే.

2. అందరూ బోల్తా పడేది ఇక్కడే: పల్లె పేరుతో వెతుకుతారు. అది బోల్టన్ లె మూర్స్ పారిష్ (ఒక ప్రధాన చర్చి పరిధి) కిందిది, కాబట్టి బాప్తిస్మాలు అక్కడా, పక్కనే టర్టన్ చాపెల్ అనే చిన్న చర్చిలోనూ చూడాలి.

3. రిజిస్టర్ రాసేవాడి చెవికి పేరు ఎలా వినబడితే అలా రాసేశాడు, రెండో 'టి' ఎగిరిపోతుంది, ఎక్కడినుంచో 'హెచ్' వచ్చి చేరుతుంది. ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు ఈ, ఎన్, టి కొట్టి పక్కన స్టార్ పెట్టండి (Ent*), మిగతా అక్షరాలు ఏవైనా దొరుకుతాయి.

4. అప్పటికీ దొరక్కపోతే చర్చి రిజిస్టర్ల నుంచి చెస్టర్ బిషప్‌కి పంపిన నకళ్ళు చూడండి. మాంచెస్టర్ డయోసిస్ (బిషప్ పరిధి) వచ్చింది 1847లోనే, అందుకని అంతకుముందు నకళ్ళు చెస్టర్‌కే వెళ్ళేవి.