పిల్ల చదువు డబ్బు తీసి యాప్ మార్చాలా?

ప్రశ్న: మాది తిరుపతి. పలమనేరు, బంగారుపాళ్యం వైపు 70 పాల కేంద్రాలు పాల లెక్కలు, రైతుల బిల్లులు చూసే మా యాప్ వాడుతున్నాయి. ఒక్కో కేంద్రం నెలకు 600 రూపాయలు ఇస్తుంది. సర్వర్ ఖర్చు, యాప్ చూసుకునే తమ్ముడికి ఇచ్చేది పోగా 25 వేలు మిగులుతాయి. ఇల్లు మావారి జీతంతో గడుస్తుంది. జామరిన్ అనే మైక్రోసాఫ్ట్ పాత యాప్ తయారీ సాధనంలో రాసిన ఈ యాప్‌ను గూగుల్ వారి ఫ్లట్టర్‌లో తిరగరాయడానికి ఒక సంస్థ 9 లక్షలు, జామరిన్ స్థానంలో మైక్రోసాఫ్టే తెచ్చిన డాట్‌నెట్ మౌయిలోకి మార్చడానికి మరొకరు మూడున్నర లక్షలు అడుగుతున్నారు. జీఎస్టీ అదనం. చేతిలో లక్షన్నర ఉంది. అమ్మాయి ఇంజినీరింగ్ కోసం వేసిన 8 లక్షల ఎఫ్‌డీ ఏడాదిన్నరలో చేతికొస్తుంది. దాన్ని తీసేసి ఫ్లట్టర్‌కు వెళ్లవచ్చా?

జవాబు: వద్దండి. ఎఫ్‌డీని కదిలించకండి, మౌయికి వెళ్లండి. అయితే ఈ పని వాయిదా వేయకండి. జామరిన్‌కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2024 మే 1తో ముగిసింది. అది ఆండ్రాయిడ్ 14 దగ్గరే ఆగిపోయింది. గూగుల్ ప్లేలో పెట్టే అప్‌డేట్లు ఆండ్రాయిడ్ 15కు తగ్గట్టు ఉండాలన్న నిబంధన 2025 ఆగస్టు 31 నుంచి అమల్లో ఉంది. మీ యాప్ రేపటికి రేపు ఆగిపోదు. కానీ అందులో లోపం బయటపడితే సరిదిద్ది పంపే దారి లేదు.

ఇక లెక్క. మీ రాబడి ఏడాదికి 5 లక్షలు. సేవలకు జీఎస్టీ నమోదు పరిమితి 20 లక్షలు కాబట్టి మీరు నమోదు చేసుకుని ఉండరు. అంటే కట్టిన 18 శాతం వెనక్కి రాదు. ఫ్లట్టర్‌కు 10.62 లక్షలు అవుతుంది, మీకు మూడున్నరేళ్ల మిగులు. మౌయికి 4.13 లక్షలు, పదిహేడు నెలల మిగులు.

ఫ్లట్టర్ మంచిదే. కానీ దాని ప్రోగ్రామింగ్ భాష డార్ట్. జామరిన్ యాప్ చూసుకునే మీ తమ్ముడికి వచ్చింది సీ షార్ప్, మౌయిదీ అదే భాష. బిల్లు లెక్కలు, పాలలోని కొవ్వు, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాని ఘనపదార్థాలు)లను బట్టి ధర కట్టే భాగం మౌయిలో చాలావరకు అలాగే పనికొస్తాయి. ఫ్లట్టర్‌లో అవన్నీ కొత్తగా రాయాలి, ఆ తర్వాత ప్రతి చిన్న మార్పుకూ బయటివారికి ఫీజు కట్టాలి. నన్ను భయపెట్టేది ఆ ఫీజే. మౌయి ఒక్కో వెర్షన్‌కు మద్దతు ఏడాదిన్నరే ఉంటుంది కాబట్టి, మీరు కూడా నెలకు 4 వేలు నిర్వహణకు పక్కన పెట్టండి.

డబ్బంతా ముందే ఇవ్వకండి. తెల్లవారకముందే కేంద్రం దగ్గర క్యాన్లు వరుస కడతాయి. పాలు పరీక్షించే యంత్రం నుంచి కొవ్వు శాతం, కాటా నుంచి బరువు బ్లూటూత్ ద్వారా ఫోనులోకి రావాలి, రైతు చేతికి చీటీ అందాలి. ఇలాంటి మార్పుల్లో తరచుగా తెగేది ఈ బ్లూటూత్ ముడే. అది తెగితే కేంద్రం వాళ్లు మళ్లీ నోటు పుస్తకం తీస్తారు, మీ 600 ఆగుతుంది. అందుకే అడ్వాన్సు 20 శాతం మించనివ్వకండి. ఒక కేంద్రంలో రెండు పూటలా పదిహేను రోజులు నడిచి, రైతుల బిల్లు పైసాతో సహా సరిపోయాకే పెద్ద వాయిదా ఇవ్వండి. నెట్ లేనప్పుడు ఫోనులో ఉండిపోయిన లెక్కలు కొత్త యాప్‌లోకి రావాలని ఒప్పందంలో రాయించండి.

చేతిలోని లక్షన్నర పోగా కావలసింది 2.63 లక్షలు. ఎఫ్‌డీని ముందే తీస్తే వడ్డీలో కోత, పైగా జరిమానా. దాన్నే హామీగా పెట్టి బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు తీసుకోండి. సాధారణంగా ఎఫ్‌డీ వడ్డీకి ఒకటి రెండు శాతం ఎక్కువ, అదీ వాడుకున్నంత సొమ్ముకే. నెలకు 20 వేలు కడితే పద్నాలుగు నెలల్లో తీరుతుంది, ఎఫ్‌డీ గడువుకు ముందే. వ్యక్తిగత రుణం జోలికి వెళ్లకండి.

సంతకం పెట్టేముందు ఒకటి చూడండి. గూగుల్ ప్లే ఖాతా, అప్‌డేట్ మీ నుంచే వచ్చిందని రుజువు చేసే డిజిటల్ తాళం (యాప్ సైనింగ్ కీ) మీ పేరున ఉన్నాయా, యాప్‌ను మొదట రాసిన డెవలపర్ దగ్గరా? ఆయన దగ్గరే ఉంటే ముందు అవి తెచ్చుకోండి. లేదంటే కొత్త యాప్ పాతదాని మీద అప్‌డేట్‌గా వెళ్లదు, డెబ్బై కేంద్రాలకూ తిరిగి మళ్లీ ఎక్కించాల్సి వస్తుంది.