స్టిక్కర్ ఉంటే సరిపోదు, ప్లగ్ విప్పి చూడాలి

"ఆఫీసులో కరెంటు సామాన్లకు ఏటా టెస్టింగ్ చేయించి స్టిక్కర్ వేయిస్తే సరిపోతుందా?" అని అడిగారు. సరిపోదు. మెయింటెనెన్స్ పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి గట్టిగానే చెబుతున్నాను.

నేను పనిచేసిన ఒక వర్క్‌షాపులో బెంచ్ గ్రైండర్ ఉండేది. దాని మీద 'పాస్' అని కొత్త స్టిక్కర్ కూడా ఉంది. ఒకరోజు దాని మీద పనిచేసే కుర్రాడు వచ్చి, "అన్నా, గ్రైండర్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోంది" అన్నాడు. సూపర్‌వైజరుకు అప్పటికే చెప్పాడట. "బూట్లు వేసుకున్నావుగా, ఏం కాదులే" అన్నారట ఆయన. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

స్విచ్ ఆపి, ప్లగ్ తీసి విప్పాను. కేబుల్‌ని పట్టి ఉంచే పట్టీకి స్క్రూలు బిగించనే లేదు. అందరూ వైరు పట్టుకుని లాగి ప్లగ్ తీస్తుంటే ఆ లాగుడంతా లోపలి కనెక్షన్ల మీద పడింది, మెషిన్ బాడీకి కరెంటు వస్తే నేలలోకి పంపే ఎర్త్ వైరు ఊడిపోయింది. నిజానికి ఎర్త్ వైరుకి మిగతా రెండింటికన్నా కాస్త పొడవు ఎక్కువ వదలాలి, ఊడితే అది ఆఖరున ఊడాలి. ఇక్కడ దాన్నే అన్నిటికన్నా పొట్టిగా కోశారు. ఫేజు, న్యూట్రల్ బాగానే ఉన్నాయి కాబట్టి మెషిన్ మామూలుగా తిరుగుతూనే ఉంది. మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టి చూస్తే మోటారు ఇన్సులేషన్, అంటే కరెంటు బయటికి రాకుండా ఆపే పూత, కూడా దెబ్బతింది. 500 వోల్టుల దగ్గర ఇన్సులేషన్ నిరోధం కనీసం 1 మెగాఓమ్ (పది లక్షల ఓమ్‌లు) రావాలి, దాని దరిదాపుల్లో కూడా లేదు.

ఫ్యూజు ఉందిగా అంటారు. ఫ్యూజు వైరును కాపాడటానికి. అది పోవాలంటే ఆంపియర్లు పారాలి, మనిషి ప్రాణం పోవడానికి మిల్లీఆంపియర్లు చాలు. 30 మిల్లీఆంపియర్లు లీకైతే ట్రిప్పయి కరెంటు ఆపేసే స్విచ్, ఆర్‌సీసీబీ, పెట్టమని నేను మొత్తుకునేది అందుకే. అయితే ఎర్త్ ఊడిన మెషిన్‌లో బాడీకి కరెంటు వస్తే, ఎవరో ఒకరు ముట్టుకునేదాకా ఆర్‌సీసీబీకి కూడా ఆ సంగతి తెలియదు.

మల్టీమీటర్ బీప్ అనగానే 'ఎర్త్ ఓకే' అని రాసేసేవాళ్లు ఉన్నారు. వైరులో ఒక్క పోగు మిగిలినా అది బీప్ అంటుంది. నిజమైన ఫాల్ట్ కరెంటు వచ్చిన క్షణాన ఆ పోగు కాలిపోతుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఇంకో ఎక్స్‌టెన్షన్ బోర్డు గుచ్చి దానికి హీటర్ తగిలించేవాళ్ల సంగతి మొదలుపెడితే ఇవాళ పూర్తికాదు.

'ఏటా' అన్న లెక్క కూడా నాకు నచ్చదు. కదలకుండా బల్ల మీద ఉండే కంప్యూటర్‌కూ, రోజంతా చేతులు మారుతూ నేల మీద ఈడ్చుకుపోయే డ్రిల్లుకూ ఒకే గడువు ఏమిటి? డ్రిల్లును వాడబోయే ప్రతిసారీ వైరు, ప్లగ్ కంటితో చూడాలి, టెస్టింగ్ కొన్ని నెలలకోసారి చేయించాలి. చాలా లోపాలు మీటరు కన్నా ముందు కంటికే దొరుకుతాయి.

టెస్టింగ్‌కు వచ్చేవాళ్లను రెండు అడగండి. విప్పడానికి వీలున్న ప్లగ్‌లు విప్పి చూస్తున్నారా? రీడింగ్ అంకెల్లో రాస్తున్నారా, ఉత్త 'పాస్' అనే రాస్తున్నారా? ఇన్సులేషన్ రీడింగ్ పోయినసారి 200 మెగాఓమ్‌లు ఉన్నది ఈసారి 3కి పడితే అది కూడా పాసే. కానీ ఆ మెషిన్‌ని నేనైతే ఆ రోజే పక్కన పెట్టిస్తాను.