సియాటిల్‌లో అలారం మోగితే పోలీసులు రావాలంటే వీడియో తప్పనిసరా? ఇంట్లో ఉన్న కెమెరాలు చాలవా?

ప్రశ్న: ఉండేది సియాటిల్ సిటీలో. నెలన్నర ఇండియా వెళ్తున్నాం. అలారం సిస్టమ్ ఉంది, వేరే యాప్‌లో రెండు వైఫై కెమెరాలూ ఉన్నాయి. వీడియో లేకపోతే పోలీసులు రారు, కెమెరా ప్లాన్ కొనండి అంటోంది అలారం కంపెనీ. నిజమేనా, అమ్ముకోవడానికి చెప్తున్నారా?

జవాబు: రెండూనండీ. 2024 అక్టోబర్ 1 నుంచి సియాటిల్ పోలీసులు ఒట్టి సెన్సర్ మోగిందంటే కారు పంపడం లేదు. ఎవరో చొరబడుతున్నారనడానికి వీడియో, ఆడియో, పానిక్ అలారం (ఆపదలో మనిషి నొక్కే బటన్), కళ్ళతో చూసిన మనిషి, వీటిలో ఏదో ఒకటి కావాలి. 2023లో వాళ్ళకు వచ్చిన సుమారు 13,000 అలారం కాల్స్‌లో నేరం జరిగిందని తేలినవి 4 శాతం కూడా లేవు మరి. సాల్ట్ లేక్ సిటీ ఇలాంటి రూలే 2000లో పెట్టింది. ఇది చదివే బెల్వ్యూ, రెడ్మండ్ వాళ్ళు కంగారు పడకండి, మీ సిటీ రూల్ వేరు, అది చూసుకోండి.

మీ కెమెరాలు ఎందుకు చాలవంటే, వాటి క్లిప్ మానిటరింగ్ స్టేషన్‌లో, అంటే అలారం సిగ్నల్ అందుకునే కంపెనీ ఆఫీసులో, ఆపరేటర్‌కి కనపడదు. అతని స్క్రీన్ మీద ఉండేది "జోన్ 4, హాల్ మోషన్" అన్న ఒక్క లైను. మీకు ఫోన్ చేస్తాడు. సియాటిల్‌లో వేసవి మధ్యాహ్నం రెండైతే మీకు తెల్లవారుజాము రెండున్నర. ఎత్తరు. ఎత్తి యాప్‌లో దొంగని చూసినా, ఇండియా నుంచి 911 కొడితే సియాటిల్‌కి వెళ్ళదు. సిటీ పోలీస్ డిస్పాచ్ పది అంకెల నంబర్ ముందే ఫోన్‌లో సేవ్ చేసుకోవాలి.

కాబట్టి కంపెనీని అడగాల్సింది ఇది: అలారం ట్రిప్ అయిన వెంటనే క్లిప్ దానంతటదే ఆపరేటర్ దగ్గరికి వెళ్తుందా, లేక నాకు నోటిఫికేషన్ వచ్చి ఆగిపోతుందా? "యాప్‌లో లైవ్ చూసుకోవచ్చు సర్" అని జవాబొస్తే అది వీడియో వెరిఫికేషన్ కాదు. టీఎంఏ-ఏవీఎస్-01, అంటే అలారం ఎంత తీవ్రమో లెవెల్ వేసే పద్ధతిలో స్కోర్ ఇస్తారా అని కూడా అడగండి. అందులో 0 నుంచి 4 దాకా లెవెల్స్ ఉంటాయి. సెన్సర్ మోగిందన్న ముక్క తప్ప ఇంకేం తెలియకపోతే 1. మనిషి ఉన్నాడు, ఎందుకొచ్చాడో తెలియదంటే 2. ఆస్తికి ముప్పు కనిపిస్తుంటే 3, ప్రాణానికి ముప్పయితే 4. మీ కెమెరా పని 1ని కనీసం 2కి ఎక్కించడం.

ఎక్కువ ఇళ్ళలో దెబ్బతినేది కెమెరా పెట్టిన చోటు దగ్గర. సెన్సర్ కిచెన్‌లో మోగుతుంది, కెమెరా డ్రైవ్‌వేని చూస్తుంటుంది. ఖాళీ డ్రైవ్‌వే చూసి ఆపరేటర్ ఏం చెప్తాడు? సెన్సర్ కనిపెట్టే మనిషే కెమెరాలో పడాలి. మన ఇళ్ళలో బంగారం ఉంటుందని దొంగలకూ తెలుసు, వాళ్ళ దారి నేరుగా మాస్టర్ బెడ్‌రూమ్ క్లోజెట్‌కే. బెడ్‌రూమ్‌లో కెమెరా వద్దు. మెట్లెక్కి బెడ్‌రూమ్ వైపు తిరిగే చోట ఒకటి, వెనక స్లైడింగ్ డోర్ ఉన్న గదిలో ఒకటి, ఏడెనిమిది అడుగుల ఎత్తులో పెడితే చాలు.

దూరం లెక్క కూడా చూడండి. 1080పీ కెమెరా చిత్రం వెడల్పు 1920 పిక్సెల్స్. 90 డిగ్రీల లెన్స్ అయితే 5 మీటర్ల దూరంలో 10 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది, అంటే మీటరుకు 192 పిక్సెల్స్. 10 మీటర్ల దగ్గర అది 96కి పడిపోతుంది. తెలిసిన మనిషిని పోల్చుకోవడానికి 125 కావాలంటారు. ఆపరేటర్‌కి మొహం అక్కర్లేదు, మనిషా కాదా తెలిస్తే చాలు. కానీ చీకట్లో ఇన్‌ఫ్రారెడ్ చిత్రం ఎలాగూ మసకబారుతుంది కాబట్టి 5, 6 మీటర్లు దాటనివ్వకండి. కిటికీ అద్దం వెనక నుంచి బయటికి చూసే కెమెరా రాత్రి పనికిరాదు, దాని ఇన్‌ఫ్రారెడ్ వెలుగే అద్దానికి కొట్టి తెల్లటి మచ్చవుతుంది.

బ్యాటరీ కెమెరాలతో ఇంకో పేచీ. నిద్ర లేచి రికార్డింగ్ మొదలెట్టేసరికి మనిషి దాటిపోతాడు, క్లిప్‌లో మిగిలేది ఊగుతున్న తలుపు. వైరు కెమెరా పెట్టి, అలారం ట్రిప్ అవ్వడానికి ముందు 5 నుంచి 10 సెకన్లు కూడా క్లిప్‌లో ఉండేలా సెట్ చేయించండి.

చాలామంది మర్చిపోయేది కరెంటు. అలారం ప్యానెల్‌కి సొంత బ్యాటరీ, సెల్యులార్ లైన్ ఉంటాయి. కెమెరాలు మాత్రం ఇంటి రూటర్ మీద బతుకుతాయి. కరెంటు పోతే అలారం వెళ్తుంది, వీడియో వెళ్ళదు. మోడెమ్, రూటర్, కెమెరాలకు పవరిచ్చే స్విచ్ మూడింటినీ ఒక 600 వీఏ యూపీఎస్ మీద పెట్టండి. లోడ్ 30 వాట్లలోపు ఉంటే సుమారు గంట లాగుతుంది. ప్యానెల్ బ్యాటరీ నాలుగైదేళ్ళ పాతదైతే వెళ్ళేముందే మార్చేయండి.

ఇక ఉత్తుత్తి అలారాలు. వీడియో వాటిని జల్లెడ పడుతుందే గానీ పుట్టకుండా ఆపదు. మోషన్ సెన్సర్ చూసేది కదిలే వేడిని. బర్త్‌డేకి కట్టిన హీలియం బెలూన్ హీటర్ గాలికి కొట్టుకుంటూ సెన్సర్ ముందుకొస్తే మోగుతుంది. వెంట్‌కి ఎదురుగా వేలాడే కర్టెన్, ప్లాస్టిక్ తోరణం, సెన్సర్ మీద పాకే సాలీడు, టైమర్ మీద తిరిగే రోబో వాక్యూమ్, అన్నీ అనుమానితులే. బెలూన్లు, తోరణాలు తీసేయండి, రోబోని ఆపేయండి. తలుపు సెన్సర్‌కీ అయస్కాంతానికీ మధ్య సందు అరంగుళం దాటితే దగ్గరికి జరపండి, వదులు తలుపు గాలికి ఊగినా మోగుతుంది. ఎగ్జిట్ డిలే (అలారం ఆన్ చేశాక బయటికెళ్ళడానికి ఇచ్చే టైము) 60 సెకన్లు, ఎంట్రీ డిలే (లోపలికొచ్చి కోడ్ కొట్టడానికి ఇచ్చే టైము) 30 సెకన్లకు తగ్గకుండా, స్టేషన్‌కి సిగ్నల్ వెళ్ళే ముందు ఆగే గడువు 30 సెకన్లు ఉన్నాయో లేదో ఇన్‌స్టాలర్‌తో చూపించుకోండి.

మీరు లేనప్పుడు మొక్కలకి నీళ్ళు పోసే ఫ్రెండ్‌కి మీ కోడ్ ఇవ్వకండి, విడిగా ఒకటి పెట్టండి. అమ్మానాన్నలు వచ్చి ఉండే ఇళ్ళలో అయితే పొద్దున్నే వాకింగ్‌కని తలుపు తీయడమే అలారం. అలారం ఎలా ఆపాలో కీప్యాడ్ పక్కన తెలుగులో రెండు లైన్లు రాసి అంటించండి. కోడ్ మాత్రం దాని మీద రాయకండి. కాల్ లిస్టులో మొదటి పేరు ఊళ్ళో ఉన్న ఫ్రెండ్‌ది పెట్టి, స్టేషన్ నంబర్ అతని ఫోన్‌లో సేవ్ చేయించండి, లేకపోతే తెలియని నంబరని ఎత్తడు. స్టేషన్ వాళ్ళు ఫోన్‌లో అడిగే పాస్‌వర్డ్ అతనికి తెలియాలి. లోపలికెళ్ళి చూడమని మాత్రం ఎవరినీ పంపొద్దు.

వాషింగ్టన్ రాష్ట్రంలో అందరి సమ్మతి లేకుండా ప్రైవేట్ సంభాషణ రికార్డ్ చేయకూడదు. లోపలి కెమెరాల్లో ఆడియో కావాలంటే గుమ్మం దగ్గర కనపడేలా నోటీసు పెట్టండి.

టెస్ట్ ఒకసారి పగలు, ఒకసారి లైట్లన్నీ ఆర్పేసి రాత్రి చేయండి. స్టేషన్‌కి ఫోన్ చేసి టెస్ట్ మోడ్‌లో పెట్టించి, ఒకరు వెనక తలుపు నుంచి మాస్టర్ బెడ్‌రూమ్ దాకా నడవాలి, ఇంకొకరు ఆపరేటర్‌తో లైన్‌లో ఉండాలి. క్లిప్ ఎన్ని సెకన్లకు వచ్చిందో, అందులో ఏం కనిపించిందో ఆపరేటర్‌నే చెప్పమనండి. "ఒక మనిషి, నల్ల జాకెట్, మెట్ల వైపు వెళ్తున్నాడు" అంటే సరే. "ఖాళీ గది" అంటే కెమెరా జరపాలి. టికెట్ డేట్‌కి రెండు వారాల ముందే చేస్తే ఇన్‌స్టాలర్‌ని మళ్ళీ పిలిపించుకోవడానికి టైముంటుంది.