టెలిగ్రామ్ మాత్రం యుద్ధం ఆగాక వచ్చింది

యుద్ధంలో మీ ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్నారా, ఇప్పుడు యుద్ధం మాట వింటే ఏమనిపిస్తుంది అని అడిగారు. మా అమ్మమ్మ తమ్ముడు 1971 యుద్ధంలో పోయాడు. నేను అప్పటికి పుట్టలేదు. అయినా ఆయన కబుర్లు వింటూనే పెరిగాను.

మాది గిద్దలూరు వైపు. మా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మిలటరీకి వెళ్ళినవాళ్ళు చాలామంది. తల్లి లేని పిల్లాడని తమ్ముణ్ణి అమ్మమ్మే పెంచింది. ఇరవై రెండేళ్ళకే పశ్చిమ సరిహద్దుకి వెళ్ళాడు. చివరిగా రాసిన ఇన్‌లాండ్ లెటర్‌లో యుద్ధం ఊసే లేదు. "అక్కా, గేదె ఈనిందా? పెయ్యా, దున్నా?" అని అడిగాడు. అమ్మమ్మకి రాయడం రాదు. పెయ్య పుట్టింది, నువ్వొచ్చి పేరు పెట్టు అని పోస్ట్‌మాన్ చేత రాయించి 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అడ్రస్‌కి పంపింది.

డిసెంబర్ 16న ఢాకాలో పాక్ సైన్యం లొంగిపోయిందని రేడియోలో విని ఊళ్ళో బెల్లం పంచారట. మర్నాడు పశ్చిమాన కూడా కాల్పులు ఆగాయి. తమ్ముడిక వచ్చేస్తాడని అమ్మమ్మ కూడా పంచింది. నాలుగు రోజులకి టెలిగ్రామ్ వచ్చింది.

కార్గిల్ అప్పటిలా శవాన్ని ఇంటికి తేలేదు, అక్కడే దహనం చేశారు. ఇంటికొచ్చింది తెల్ల పెయింటుతో పేరూ నంబరూ రాసిన నల్ల ట్రంకుపెట్టె. బట్టలు, షేవింగ్ సెట్, వాటి కింద అమ్మమ్మ పంపిన ఉత్తరం. అతికించిన అంచులు అలాగే ఉన్నాయి. ఎవరూ విప్పలేదు, ఇప్పటికీ.

1972 జులైలో సిమ్లాలో రెండు దేశాలూ కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి. అదేదో ముందే కూర్చుని మాట్లాడుకోవచ్చు కదా అంటుంది అమ్మమ్మ. రాజకీయాలు తెలిసినవాళ్ళు దీనికి చాలా చెబుతారు. నాకు మాత్రం ఆ ప్రశ్నే సరైనదనిపిస్తుంది.

2025 మే 10న కాల్పులు ఆపారని టీవీలో చెప్పగానే మేమంతా హమ్మయ్య అనుకున్నాం. అంతవరకూ ఇంట్లో ఒకటే టెన్షన్. సరిహద్దులో చనిపోయిన శ్రీసత్యసాయి జిల్లా కల్లితండా కుర్రాడి ఇంటిని అప్పుడే చూపిస్తున్నారు. అమ్మమ్మకి ఎనభై దాటాయి. టీవీ దగ్గరికి జరిగి కూర్చుంది. "ఆగితే ఆగింది నాయనా, ఇంకా ఎవరింటికి కబురు చేరాలో" అంది. కాసేపాగి, "అవతల కూడా" అంది.

నాలుగు రోజులు ఆ వార్తలు కట్టేయనివ్వలేదు.