ఆర్పీజీ సీక్వెల్స్‌లో మ్యాపు పెరిగింది, దారి చెప్పేవాళ్లు పోయారు

"ఆర్పీజీ గేముల్లో కథ ఒకే దారిన సాగితే బాగుంటుందా, ఎటైనా తిరిగే స్వేచ్ఛ ఉంటే బాగుంటుందా? సీక్వెల్ వచ్చేసరికి ఎందుకు మార్చేస్తారు?" అని అడిగారు. ఆర్పీజీ అంటే మనమే ఒక పాత్రగా మారి కథలో తిరిగే గేము. నాకు ఆ రెండు రకాలూ ఇష్టమే. నా కోపమంతా వేరే దాని మీద. తిరగమని వదిలేసి, ఎటు పోవాలో చూపించే గుర్తొకటి కళ్లముందు వేలాడదీస్తారే, దాని మీద.

2008 ఎండాకాలం సెలవుల్లో కావలిలో మా పెద్దమ్మ వాళ్లింట్లో అన్న కంప్యూటర్ మీద మారోవిండ్ ఆడాను. 2002 నాటి గేము అది. బల్మోరా అనే ఊళ్లో ఒకాయన ఒక పెట్టె తెచ్చిపెట్టమంటాడు. అదేమో ఆర్క్‌న్‌గ్తాండ్ అనే పాత శిథిలాల్లో ఉంది. దారంతా మాటల్లోనే చెప్తారు. ఊరు దాటాలి, మూన్‌మాత్ కోట దాకా పోవాలి, లోయ మీద పాతకాలపు వంతెన దాటాలి. నోటుపుస్తకంలో తెలుగులో రాసుకుని బయల్దేరాను. వంతెన దాటకుండా లోయలోకి దిగేశాను. ఎంత నడిచినా రాళ్లే. పైనుంచి క్లిఫ్ రేసర్లనే రెక్కల జంతువులు మీదపడి పొడుస్తున్నాయి. అంతలో కరెంటు పోయింది, నేను సేవ్ చేసుకోలేదు. ఆ రాత్రి మిద్దె మీద పడుకుని అన్నకి చెప్తే, "దాటమన్నారా, దిగమన్నారా? రాసుకుంది సరిగ్గా చదవరా అబ్బయా" అన్నాడు.

మర్నాడు ఆర్క్‌న్‌గ్తాండ్ దొరికింది. తలుపు మాత్రం తెరుచుకోదు. పక్కనే పైపుకి ఒక మర ఉంటుంది, దాన్ని తిప్పాలి. అది కనిపెట్టడానికి ఇంకో గంట. తలుపు కదిలినప్పుడు నేను పెట్టిన కేకకి పెద్దమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

కందుకూరు దగ్గర మా తాత వాళ్ల ఊరికి పోయేటప్పుడు దారి అడిగినా ఇట్లాగే చెప్పేవాళ్లు. "కట్ట మీదే పో నాయనా, కట్ట దిగినాక మర్రిచెట్టు కనపడతాది, దాన్ని కుడిచేతికి పెట్టుకుని పో" అని. ఆ మాట పట్టుకుని నడిస్తే దారి పొడుగునా కళ్లు తెరుచుకుని ఉంటాయి.

2006లో మారోవిండ్‌కి సీక్వెల్‌గా ఒబ్లివియన్ వచ్చింది. దిక్సూచి మీద గుర్తు పెట్టారు, మ్యాపులో నగరం మీద నొక్కితే చాలు అక్కడుంటాం. దాని తర్వాత 2011లో వచ్చిన స్కైరిమ్‌దీ అదే దారి. ఇష్టం లేకపోతే గుర్తు ఆపుకో అంటారు. ఆపి చూశాను. చాలా క్వెస్టుల్లో, అంటే మనకప్పజెప్పే పనుల్లో, దారి చెప్పే మాటలే రాయలేదు! ఇక దేన్ని పట్టుకుని వెతకాలి?

ఒకే దారి ఉన్నంత మాత్రాన గేము చెడ్డదనేవాళ్లతో కూడా నాకు పడదు. ఫైనల్ ఫాంటసీ 10 దాదాపు చివరిదాకా ఒకే దారి. కానీ ఆ కథే ఒక యాత్ర. అలిపిరి మెట్లెక్కేవాడు పక్కకి దారి లేదేమని అడుగుతాడా? 13లో అట్లా కాదు. మొత్తం 13 అధ్యాయాలుంటే 11వ అధ్యాయంలో గ్రాన్ పల్స్ అనే విశాలమైన చోటు వచ్చేదాకా సందుల్లోనే పరిగెత్తిస్తారు. జనం తిట్టారు. వెంటనే 2011లో 13-2 తెచ్చి కాలంలో ముందుకీ వెనక్కీ తిప్పారు. డ్రాగన్ ఏజ్ 2లోనూ ఇదే గొడవ. ఒక్క కర్క్‌వాల్ నగరం, చుట్టూ అవే గుహలు మళ్లీ మళ్లీ. దానికి విరుగుడుగా 2014లో తర్వాతి భాగం ఇంక్విజిషన్‌లో పెద్ద పెద్ద మైదానాలు పరిచారు. జనం మొదట్లోనే హింటర్‌ల్యాండ్స్ అనే ప్రాంతంలో చిల్లర పనులేరుకుంటూ ఇరుక్కుపోతుంటే, అది వదిలి ముందుకు పొండని చేసినవాళ్లే చెప్పాల్సి వచ్చింది. సీక్వెల్స్ ఎందుకు మారతాయని అడిగారు కదా, ఇదే కారణం. తిట్లు పడితే రెండో కొసకి పరిగెత్తుతారు. దారి ఎట్లా చెప్పాలన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టదు.

2017లో వచ్చిన బ్రెత్ ఆఫ్ ద వైల్డ్ కొంత నయం. కొండెక్కి చుట్టూ చూసి, పోదామనుకున్న చోట పిన్ను మనమే గుచ్చుకుంటాం.

మీరు మాత్రం మారోవిండ్‌తో మొదలుపెట్టండి. బొమ్మలు పాతవే, సర్దుకోండి. పక్కన నోటుపుస్తకం పెట్టుకోండి, గంటగంటకీ సేవ్ చేసుకోండి. ఆర్క్‌న్‌గ్తాండ్‌కి పోయేటప్పుడు లోయలోకి దిగొద్దు, వంతెన దాటండి.